తెర చాటు తల్లి, సింహాసనం మీద కూతురు

ప్రాచీన రోములో స్త్రీకి ఓటు లేదు, పదవి లేదు, సెనేట్ అనే పెద్దల సభలో చోటూ లేదు. అయినా ఆ రాజ్యం స్త్రీల మాట చెల్లకుండా నడవలేదు. నీరో చక్రవర్తి తల్లి అగ్రిప్పీనా వినేందుకు వీలుగా సెనేటర్లను రాజభవనానికే పిలిపించేవారని, ఆమె తెర చాటున నిలబడి చర్చలు వినేదని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆర్మీనియా రాయబారుల ఎదుట ఆమె కొడుకు కూర్చున్న వేదిక ఎక్కబోగా, గురువు సెనెకా సలహాతో నీరో ఎదురువెళ్లి, తల్లికి మర్యాద చేస్తున్న నెపంతో ఆమెను కిందనే ఆపాడు. క్రీ.శ. 59లో ఆ కొడుకే ఆమెను చంపించాడు.

తెలుగు నేలను ఏలిన కాకతి రుద్రమదేవి అధికారం ఇలా కొడుకు దయమీద నిలిచినది కాదు. తండ్రి గణపతిదేవుడి వారసురాలిగా 1262 నుంచి 1289 వరకు ఆమె ఏలగా, భర్త అయిన నిడదవోలు చాళుక్య వీరభద్రుడు రాజు కాలేదు. శాసనాలు ఆమెను ‘రుద్రదేవ మహారాజు’ అన్నాయి. ఆడదాని ఆజ్ఞకు తలవంచడానికి ఇష్టపడని సామంతుల మధ్య, అంటే కప్పం కట్టి సైన్యం పంపవలసిన చిన్న పాలకుల మధ్య, ఆ మగపేరు ఆమె చెల్లించక తప్పని మూల్యం. ఆమె రాజ్యం గురించి మోటుపల్లి పేరుతో రాసిన యాత్రికుడు మార్కోపోలో ఆమె న్యాయాన్ని మెచ్చుకుంటూనే ఆమెను గణపతి కూతురిగా కాక వితంతువుగా చెప్పాడు. సింహాసనం మీద స్త్రీ కనిపిస్తే భర్త పోయి ఉంటాడనే ఊహ అంత బలమైనది.

కొమరోలు నుంచి గిద్దలూరు, కంభం, మార్కాపురం దాటి వెళ్తే వచ్చే త్రిపురాంతకంలో ఆమె ప్రత్యర్థి గొంతు నేటికీ వినిపిస్తుంది. వల్లూరు కేంద్రంగా ఏలిన కాయస్థ అంబదేవుడు, కాకతీయుల సామంతుడై ఉండి తిరగబడి, 1290 నాటి అక్కడి శాసనంలో తన విజయాలను ఏకరువు పెట్టుకున్నాడు. అంతకు ముందు ఏడాది నవంబరులో, నల్గొండ ప్రాంతపు చందుపట్లలో, పువ్వుల ముమ్మడి అనే సేవకుడు రుద్రమదేవికీ సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కోరుతూ భూదానం చేసి వేయించిన శాసనం ఉంది. ఆ ఇద్దరూ అంబదేవుడితో పోరులోనే మరణించి ఉంటారని చరిత్రకారుల అంచనా. వృద్ధాప్యంలో ఆమె యుద్ధరంగంలో ఉన్నదనే ఆ అంచనా నిజమైతే, తెలుగు నేల మీద ఇంతటి ధైర్యం అరుదు.

గెలిచినవాడి రాత మార్కాపురం సీమలోనూ, ఓడిన రాణి జాడ నల్గొండలోనూ మిగిలాయి. పశ్చిమ ప్రకాశం ఉపాధ్యాయులు పిల్లలను త్రిపురాంతకం గుడికి తీసుకువెళ్లినప్పుడు అంబదేవుడి శాసనంతో పాటు చందుపట్ల శాసనం పాఠాన్ని కూడా వారి చేత చదివించాలి.