అట్లాంటిక్ విమానపందెము: ఒక యిల్లాలి నిరీక్షణము

విమానముల ముచ్చట యనగానే అది పురుషుల సాహసగాథయని మనము పుట త్రిప్పివేయుట కలదు. కాని 1919వ సంవత్సరమున జరిగిన అట్లాంటిక్ పందెమున ఒక యిల్లాలికిని పాలు కలదు. కావున ఈ మాసమున ఆ కథను మీకు విన్నవింప దలచితిమి.

ఆ మహాసముద్రమును 72 గంటలలోపల విమానమున దాటినవారికి 10,000 పౌనుల బహుమాన మిత్తుమని లండను నగరపు డెయిలీ మెయిల్ పత్రికవారు 1913లో ప్రకటించిరి. అంతలో మహాయుద్ధము రాగా పందెము నిలిచిపోయెను. యుద్ధము ముగిసిన పిదప 1919 వసంతకాలమున బ్రిటిషు విమానములు నాలుగు న్యూఫౌండ్లాండు దీవికి చేరినవి. పడమటిగాలి వెనుకనుండి తోడ్పడునని అక్కడనుండి తూర్పునకు ఎగురుటకు వారు నిశ్చయించిరి.

అందు సాప్విత్, మార్టిన్‌సైడ్ అను రెండును ఒక్కొక్క యంత్రము గలవి. వికర్స్ విమీ రెండు యంత్రములది. హ్యాండ్లీ పేజ్ నాలుగు యంత్రముల మహాకాయము. కడపటి రెండును యుద్ధమున బాంబులు వేయుటకై కల్పింపబడినవి.

మే 18వ తేదీన హ్యారీ హాకరు, మెకెంజీ గ్రీవు అనువారు సాప్విత్ విమానముపై ముందుగా బయలుదేరిరి. బరువు తగ్గించుటకై పైకెగిరిన వెంటనే చక్రములను సహితము జాఱవిడిచిరి. ఆ దినముననే మార్టిన్‌సైడ్ నేలవిడువ యత్నించి కూలిపోయెను.

నడిసముద్రమున హాకరు యంత్రమును చల్లార్చు నీరు చక్కగా పాఱక మరుగజొచ్చెను. ఉన్నది ఒక్కటే యంత్రము! ఇక గట్టు చేరుట కల్లయని గ్రహించి, ఆయన ఓడలు నడచు త్రోవను వెదకికొనుచు పోయెను. మేరీ యను డెన్మార్కు సరకు ఓడ కానవచ్చినంతనే దానికి ముందుగా నీటిపై దిగెను. ఓడవారు పెనుగెరటములతో పెనగులాడి యిరువురను రక్షించిరి. కాని ఆ ఓడపై నిస్తంత్రీ యంత్రము లేదు. వారు బ్రతికియున్న మాట లోకమునకు తెలియు దారియు లేకపోయెను.

ఇంగ్లాండున హాకరుగారి భార్య మ్యూరియల్ పసికూనతో ఎదురుచూచుచుండెను. ఒక దినమాయెను, రెండాయెను, వార్త లేదు. ఆశ వదలుకొనిన జనులు విచారపడిరి. జార్జిచక్రవర్తియే సంతాపపు తంతి పంపెను. రాజే సంతాపము తెలిపిన పిదప ఏ యిల్లాలు ధైర్యము నిలుపుకొనగలదు? ఆమె నిలుపుకొనెను. భర్త బ్రతికియున్నాడను నమ్మకమును విడువలేదు. మే 25వ తేదీన మేరీ ఓడ స్కాట్లాండు ఉత్తరతీరమును సమీపించి, జెండాల సంజ్ఞలతో ఆ శుభవార్తను గట్టువారికి తెలిపెను. డెయిలీ మెయిల్‌వారు ఓడిన యా యిరువురకును 5,000 పౌను లిచ్చి సత్కరించిరి.

పందెము గెలిచినది విమీ విమానము. జూన్ 14వ తేదీన ఆల్కాకు, బ్రౌను అనువారు దానిపై బయలుదేరి, మంచులోను మబ్బులలోను రాత్రియెల్ల పయనించి, సుమారు 16 గంటలలో 1,890 మైళ్లు దాటి మఱునాటి యుదయమున ఐర్లండు చేరిరి. పచ్చికబయలని తలచి దిగినది బురదనేల యగుటచే విమానము ముక్కు దిగబడినది గాని వారికి అపాయము కలుగలేదు. ఇరువురకును సర్ బిరుదములు లభించెను.

విధి మాత్రము ఎవరికిని బాకీపడి యుండదు. ఆల్కాకు ఆ డిసెంబరులోనే ఫ్రాన్సున విమానప్రమాదమున మరణించెను. హాకరును 1921లో అట్టి మరణమునే పొందెను. ఈసారి నిరీక్షణకు తావు లేకపోయెను. మ్యూరియల్ భర్త చరిత్రమును స్వయముగా వ్రాసి 1922లో ప్రకటించెను.

గెలిచినవారి పేరు లోకమెఱుగును. ఒక వారము దినములు ఊరంతయు ఏడ్చుచుండగా ఏడువక నిలిచిన యా యిల్లాలి ధైర్యమును ఏ పందెపు లెక్కలలోను వ్రాయరు. దూరదేశములకు కొడుకులను, భర్తలను పంపి జాబులకై వాకిట నిలుచు మన సోదరీమణులు దానిని గుర్తింపగలరు. వార్త రాకుండుటయే దుర్వార్త కాదని ఆమె కథ మనకు చెప్పుచున్నది.