అద్దె ఆస్తులు - తనిఖీ ఆవశ్యకత

తనిఖీ అనే మాట వినబడగానే మన విద్యార్థులకు పరీక్ష హాలు, అందులోకి హఠాత్తుగా ప్రవేశించే ఫ్లయింగ్ స్క్వాడు స్ఫురణకు రావడం సహజం. అధ్యాపకులమైన మాకు విశ్వవిద్యాలయం వారి కమిషను జ్ఞాపకం వస్తుంది. ఆ వారం రోజులు గ్రంథాలయంలో దుమ్ము దులపడం, ప్రయోగశాలలో సీసాలకు కొత్త చీటీలు అంటించడం మనమందరం ఎరిగినదే. అందుచేత తనిఖీ అంటే భయమో, నటనో రెండింటిలో ఒకటి తప్పదన్న అభిప్రాయం మనలో స్థిరపడిపోయింది. నేను ఇక్కడ ప్రస్తావించదలచినది అటువంటి తనిఖీ కాదు. ఇల్లో, మల్గీయో అద్దెకిచ్చినవారు నియమిత కాలాలలో, ముందుగా కబురు పంపి, స్వయంగా వెళ్ళి దానిని కళ్ళారా చూచి రావడం. ఇంత స్వల్ప విషయానికి వార్షిక సంచికలో పుటలు వెచ్చించడం దేనికని పాఠకులు అనుకొనవచ్చును. కాని ఎందరో పేద పిల్లల పుస్తకాలు, ఎందరో వితంతువుల భృతి, అనేక మసీదులలోని దీపం, నీరు ఈ స్వల్ప విషయం మీదనే ఆధారపడి ఉన్నవి.

ఒక చిన్న విశేషం. కిరాయి, రసీదు, బకాయి, మరమ్మతు, తనిఖీ - ఈ వ్యవహారంలో మనం వాడే మాటలలో అధికభాగం ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చి, ఇక్కడి ఆడబిడ్డలవలె స్థిరపడినవే. మాటలన్నీ మనవద్ద ఉన్నవి. చివరి రెండు పనులు మాత్రమే లోపించినవి.

మా అబ్బాజాన్ మా ఊరిలో ఒక మసీదుకు చెందిన పదకొండు మల్గీలకు మున్షీగా ఉండేవారు. ఏ కాలపు ధర్మాత్ముడో వాటిని వక్ఫు చేసి పోయినాడు. వాటి కిరాయిలో కొంత మసీదు ఖర్చులకు, కొంత పేద బాలికల చదువుకు అని నియమం. ప్రతి నెల అయిదవ తారీకున అసర్ నమాజు తర్వాత ఆయన రసీదు పుస్తకం, గొడుగు తీసుకొని బయలుదేరేవారు. సెలవు దినమైతే నేనూ వెంట ఉండేవాడిని. అద్దె డబ్బు చేతబట్టుకొని నిలుచున్న దుకాణదారును పలకరించి, ఆ డబ్బు అందుకొనకముందే తలయెత్తి కప్పు చూచేవారు. గొడుగు కొనతో గోడను అక్కడక్కడ తట్టేవారు. లోపల గుల్ల అయిన గచ్చు శబ్దం వేరుగా ఉంటుందని నాకు నేర్పినది ఆయనే. తరువాత వెనుక వైపు పోయి మోరీ చూచేవారు. "మున్షీ సాబ్, ఈ మూలన చుక్క దిగుతున్నది" అని ఎవరైనా చెబితే రసీదు పుస్తకం చివరి పుటలో వ్రాసుకొనేవారు. ఆ మాట మరుసటి నెలలో రెండవమారు చెప్పవలసిన అవసరం ప్రాయికంగా ఉండేది కాదు.

పిట్టగోడ సందులలో రావిమొక్క మొలవడం మన ప్రాంతంలో ప్రతి పాత భవనానికి ఉన్న జాడ్యమే. రెండాకులుగా ఉన్నప్పుడు దానిని తీయడానికి రెండు వ్రేళ్ళు చాలును. రెండేండ్లు విడిచిపెడితే గోడను విప్పవలసి వస్తుంది. మల్గీదారులలో పెక్కుమంది హిందువులు. రావిని తమ చేతులతో పెకలించడానికి వారికి మనసొప్పేది కాదు. "ఆ పని మీరే చేయించండి సాబ్" అని నవ్వేవారు. అబ్బాజాన్ కూలివానితో దానిని వేరుతోసహా తీయించి, ఆ సందులో సున్నం కూరించేవారు. గోడలో బీట కనబడితే దాని రెండు కొసలవద్ద పెన్సిలుతో అడ్డగీత గీసి ప్రక్కన తారీకు వేసేవారు. వచ్చే నెలకు బీట గీత దాటిందంటే అది పెరుగుతున్న బీట, మేస్త్రీని పిలవవలసినదే. దాటకపోతే పాత బీట, సున్నంతో సరి. ఇంజనీరు పట్టా లేని మనిషి చేసిన ఈ పనికి ఖర్చు ఒక పెన్సిలు.

వయసు మీరి ఆయన మానుకొన్న తర్వాత కొత్త ఏర్పాట్లు జరిగినవి. మొదట కిరాయి వసూలుకు ఒక కుర్రవాడిని పంపేవారు. పిదప ఎవరి కిరాయి వారే బ్యాంకు ఖాతాలో జమచేసే పద్ధతి పెట్టినారు. పద్ధతి మంచిదే, లెక్కలో ఒక్క రూపాయి తేడా రాలేదు. అయితే దాదాపు తొమ్మిదేండ్లు ఆ పదకొండు మల్గీలలోనికి అజమాయిషీ చేసేవారెవ్వరూ అడుగుపెట్టలేదు. ఒక వానకాలపు రాత్రి మూడవ మల్గీ వెనుకగోడ కూలి, నాల్గవ దానిని కూడ ఈడ్చుకొనిపోయింది. రాత్రివేళ గనుక ప్రాణనష్టం కలుగలేదు. మరునాడు పోయి చూచినప్పుడు గాని అసలు సంగతులు బయటపడలేదు. అద్దె చీటీలో పేరున్న దర్జీ ఎన్నడో చనిపోయినాడు. ఆయన కుమారుడు పగడీ పుచ్చుకొని మల్గీని మరొకరికి ఇచ్చినాడు, ఆ మరొకరు రంగులు, ఇనుప సామాను అమ్మే మూడవ మనిషికి ఇచ్చినాడు. మసీదు ఖాతాలో నెలకు మూడు వందలు పడుతూనే ఉన్నవి. ఆ మూడవ మనిషి మాత్రం నడుమనున్నవానికి అంతకు ఎన్నో రెట్లు చెల్లిస్తున్నాడు! అతడు పాపం తనకు తెలియక, వెనుకగోడలోనికి ఇనుప దూలాలు గ్రుచ్చి అటక కట్టి, దానిమీద బస్తాలకు బస్తాలు ఎక్కించినాడు. వెనుకనున్న మోరీ ఎవరో మూసివేయగా వాననీరంతా పునాదిలోనికి దిగింది.

ఆ రోజు అబ్బాజాన్ నా భుజం ఆసరా చేసుకొని అక్కడికి వచ్చినారు. కూలగా మిగిలిన గోడ తునకమీద ఆయన పెన్సిలు గీతలు, ఉర్దూ అంకెలలో వేసిన తారీకులు ఇంకా కనబడుతున్నవి. చివరి తారీకు దాటి ఆ బీట మూరెడు దూరం పాకింది. అక్కడ ఏ గీతా లేదు. ఆయన దానిని వ్రేలితో తడిమి చూచినారే తప్ప ఎవరినీ ఏమీ అనలేదు. ఆ రెండు మల్గీలను తిరిగి నిలబెట్టడానికి అయిన ఖర్చు, ఆ తొమ్మిదేండ్లలో వాటిపై వచ్చిన మొత్తం కిరాయిని మించిపోయింది. బాలికల చదువు సహాయం రెండు సంవత్సరాలు ఆగిపోయింది. ఆగినప్పుడు చదువు మానినవారిలో ఎందరు మళ్ళీ బడికి వచ్చినారో నేను విచారించలేదు. విచారించి ఉండవలసినది.

ఇది ఒక ఊరి ముచ్చట మాత్రమే కాదు. 2006లో సచార్ కమిటీ సమర్పించిన నివేదిక దేశంలో నమోదైన వక్ఫు ఆస్తులు 4.9 లక్షలని, వాటి విస్తీర్ణం సుమారు 6 లక్షల ఎకరాలని తెలిపింది. పుస్తకాలలో వ్రాసుకొన్న విలువ దాదాపు 6,000 కోట్ల రూపాయలు కాగా మార్కెట్ విలువ 1.2 లక్షల కోట్లు ఉండవచ్చునని అంచనా వేసింది. వీటన్నిటి మీద ఏటా వచ్చే రాబడి మాత్రం 163 కోట్లు, అంటే పుస్తక విలువ మీద 2.7 శాతం. మార్కెట్ విలువ మీద 10 శాతం రాబట్టగలిగినా అది 12,000 కోట్లు అయి ఉండేదని ఆ కమిటీయే లెక్కకట్టింది. ఇంత అంతరానికి ఆక్రమణలు, వ్యాజ్యాలు, పాతకాలపు అద్దెలు మొదలైన కారణాలు చెప్పవచ్చును. వాటిలో చాలవాటికి మూలం, ఆస్తి ఎవరి చేతిలో ఏ స్థితిలో ఉన్నదో సకాలంలో ఎవరూ పోయి చూడకపోవడమేనని నా అభిప్రాయం. 1954 వక్ఫు చట్టం, దాని తర్వాత 1995 చట్టం సర్వేకు ఏర్పాట్లు చేసినవి. సర్వే అవసరమే. కాని సర్వే అన్నది ఎన్నడో ఒకసారి తీసే ఛాయాచిత్రం వంటిది, రావిమొక్క దానికోసం కాచుకొని ఉండదు.

ఇప్పుడు ఒక కొత్త కారణం కూడ తోడైనది. వక్ఫు స్థిరాస్తుల విషయంలో కాలపరిమితి చట్టం వర్తించదన్న రక్షణ 1995 చట్టపు 107వ సెక్షనులో ఉండేది. 2025 సవరణ ఆ రక్షణను తీసివేసి, 1963 నాటి కాలపరిమితి చట్టం వర్తించేటట్లు చేసింది. పరుల చేతిలో చిక్కిన స్థిరాస్తిని తిరిగి పొందడానికి ఆ చట్టం ఇచ్చే గడువు పన్నెండేండ్లు. అద్దెదారుగా ప్రవేశించినవాడు యజమాని హక్కును కాదనజాలడు, నిజమే. అయితే పేరొకరిది, ఉన్నదొకరు, కట్టేది మరొకరు అయిన చోట ఎవడు ఏ హక్కుతో ఎన్నడు ప్రవేశించినాడో తేల్చేదెట్లు? మా ఊరిలో గడచినవి తొమ్మిదేండ్లు!

"అద్దెకిచ్చిన తర్వాత లోనికి పోయి చూడడానికి మనకు అధికారమెక్కడిది?" అని కమిటీ పెద్దలొకరు ఒకమారు నన్ను ప్రశ్నించినారు. అధికారం ఉన్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షనులో, ఒప్పందంలో వేరుగా వ్రాసుకొననప్పుడు, సముచితమైన వేళలలో యజమానిని గాని అతని ప్రతినిధిని గాని లోనికి రానిచ్చి ఆస్తి స్థితిని చూడనివ్వడం అద్దెదారు విధి అని చెప్పింది. అతని మూలంగా కలిగిన లోపానికి నోటీసు ఇస్తే మూడు నెలలలో దానిని అతడే సరిచేయవలెను. అదే సెక్షను యజమానికీ ముకుతాడు వేసింది. కిరాయి చెల్లిస్తున్నంతకాలం అద్దెదారును నెమ్మదిగా ఉండనివ్వవలెను. తాను చేయవలసిన మరమ్మతు యజమాని చేయకపోతే అద్దెదారే చేయించుకొని ఆ ఖర్చును వడ్డీతోసహా కిరాయిలో మినహాయించుకొనవచ్చును.

తనిఖీ పేరుతో వేధించేవారూ ఉన్నారని ఒప్పుకొనవలెను. మన విద్యార్థులలో చాలమంది గదులు అద్దెకు తీసుకొని చదువుకొంటున్నవారే. రాత్రి తొమ్మిదింటికి తలుపు తట్టి మనుషులను లెక్కపెట్టే యజమాని, ఆడపిల్లలున్న గదిలోనికి దగ్గకుండ దూరే యజమాని చేసేది తనిఖీ కాదు. సలాం చెప్పి, అనుమతి పొంది గాని పరుల ఇంట అడుగుపెట్టరాదన్న మర్యాద మనకు చిన్ననాడే నేర్పినదే. రాష్ట్రాలు అనుసరించడానికై కేంద్ర ప్రభుత్వం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడ, కనీసం ఇరవై నాలుగు గంటల ముందు తెలియజేయాలని, సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత ప్రవేశించరాదని చెప్పింది. అబ్బాజాన్ నివాసపు ఇండ్లు చూడవలసి వచ్చినప్పుడు ఒకరోజు ముందు కబురు పంపి, మా అమ్మను కూడ వెంటబెట్టుకొని పోయేవారు. వంటింటి కప్పు సంగతి ఆమె చూచి వచ్చి చెప్పేది. విద్యార్థులకు నా సలహా ఒకటి ఉన్నది. గదిలో చేరేనాడే యజమానితో కలిసి తిరిగి, పగిలిన గాజు, కారే కుళాయి, వ్రేలాడే తీగ అన్నిటినీ కాగితం మీద వ్రాసి ఇద్దరూ సంతకం చేయండి. సెల్‌ఫోనుతో ఛాయాచిత్రాలు తీసి ఉంచండి. ఖాళీ చేసేనాడు అడ్వాన్సు కోసం మీరు పడే వాదులాట సగం తగ్గుతుంది.

అద్దె వసూలునూ పరామర్శనూ ఒకే పనిగా చేసి చూపిన ఒక మహిళ కథ నాకు మిక్కిలి ప్రియమైనది. 1865లో లండన్ నగరంలోని మారిలెబోన్ అనే పేటలో ఆక్టేవియా హిల్ అనే యువతి, జాన్ రస్కిన్ సమకూర్చిన ధనంతో మూడు శిథిల గృహాల నిర్వహణ చేపట్టింది. పెట్టుబడిపై 5 శాతం రాబడి రావలెనని ఏర్పాటు. ఆమె వారం వారం స్వయంగా పోయి అద్దె తీసుకొనేది. అద్దె పుచ్చుకోవడం నెపం, మెట్లు, మురుగు, కిటికీలు చూడడం అసలు పని. అద్దె బకాయి పడనిచ్చేది కాదు, ఆ విషయంలో కఠినురాలే. అయితే ప్రతి ఇంటికి ఏటా మరమ్మతులకై కొంత మొత్తం కేటాయించి, అందులో మిగిలినది అద్దెదారులు కోరిన సదుపాయాలకు ఖర్చుపెట్టేది. దానితో వస్తువులు పగలకుండ కాపాడుకోవడం అద్దెదారులకే లాభమైనది. యజమాని కన్ను, అద్దెదారు కన్ను ఒకే గోడమీద నిలిచినవి. ఇంతకంటె చతురమైన ఏర్పాటు నేను చదివి ఎరుగను.

మన కళాశాల విషయం వ్రాయకుండ ఈ వ్యాసం ముగించడం పిరికితనమవుతుంది. మన ఉపకార వేతనాల నిధికి ఆధారమైన మల్గీల కిరాయి సక్రమంగా జమ అవుతున్నదని ప్రతి వార్షిక నివేదికలో చదువుతున్నాము. వాటి కప్పుల సంగతి ఏ నివేదికలోనూ కనబడలేదు. గౌరవనీయులైన కమిటీ సభ్యులు కోపగించరని ఆశించి విన్నవిస్తున్నాను. ఏడాదికి మూడుసార్లు చాలును - వానలకు ముందు, వానలు వెలిసిన పిదప, ఎండలు ముదరకముందు. ఇద్దరు సభ్యులు పోవలెను, ఒక్కరే పోతే మాటపడవలసి వస్తుంది. మల్గీకొక పుట చొప్పున పుస్తకం పెట్టి కప్పు, గోడ, మోరీ, విద్యుత్తు తీగలు, లోపల వాస్తవంగా వ్యాపారం చేస్తున్నవారి పేరు వ్రాసి, దుకాణదారు సంతకం కూడ తీసుకొనవలెను. అతని ఫిర్యాదుకు అదే పుటలో చోటుండవలెను. దానికి జవాబు ఏ తారీకున ఇచ్చినామో దాని క్రిందనే వ్రాయవలెను.

కమిటీ వారు అనుమతిస్తే ఈ జూన్ మొదటి ఆదివారం ఉదయం వారి వెంట రావడానికి నేను సిద్ధం. గొడుగు, పెన్సిలు నేనే తెచ్చుకొంటాను.