చప్పుడుకు కారణం అడగాలి, శాంతి కాదు

కారు వెనక నుంచి చప్పుడు మొదలైందంటే మన ఇళ్లలో చాలాసార్లు ముందు వినిపించే మాట "దిష్టి తగిలింది" అనే. ఇనుము శనిది కదా, శనివారం పూట బండి ఎందుకు తెచ్చారని పెద్దలు నిలదీస్తారు. గుమ్మడికాయ పగులుతుంది, చక్రాల కింద నిమ్మకాయలు నలుగుతాయి. మర్నాడు చప్పుడు తగ్గితే దిష్టి పోయిందంటారు, తగ్గకపోతే దిష్టి గట్టిదంటారు. ఏం జరిగినా తప్పని తేలే వీలు లేని సమాధానం ఇది. దీని ప్రమాదమంతా అక్కడే ఉంది.

చప్పుడు దానంతటదే తగ్గడంలో వింతేమీ లేదు. నిన్న గతుకుల రోడ్డు, ఇవాళ నున్నటి రోడ్డు. నిన్న వెనక సీట్లో ముగ్గురున్నారు, ఇవాళ ఎవరూ లేరు. ఆ మార్పును ఎవరూ లెక్కలోకి తీసుకోరు, ఘనత మాత్రం నిమ్మకాయకు దక్కుతుంది. చప్పుడు పుట్టించిన అరుగుదల లోపల అలాగే ఉంటుంది.

కారణాన్ని వెతకడానికి గొప్ప చదువు అక్కర్లేదు. ఒక్కోసారి ఒక్క మార్పే చేసి చూడాలి. ముందు డిక్కీ ఖాళీ చేయండి. వదులైన స్టెప్నీ, జాకీ గతుకుల్లో టకటకలాడతాయి. బండి ఆగి ఉండి ఇంజన్ నడుస్తున్నప్పుడూ చప్పుడొస్తే చక్రాలను వదిలి సైలెన్సర్‌ను, దాన్ని పట్టి ఉంచే రబ్బర్లను చూడాలి. గతుకు ఎక్కి దిగినప్పుడే దబ్‌మంటే షాకబ్జార్బర్, బుష్‌లు. వేగంతో పాటు పెరిగే మూలుగైతే టైరో బేరింగో అయి ఉండొచ్చు. రోడ్డు మారగానే శబ్దం మారితే టైరు వైపు, మారకపోతే బేరింగు వైపు అనుమానం మొగ్గుతుంది. కుడి మలుపులో బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు మూలుగు హెచ్చితే మొదట ఎడమ వైపు బేరింగును పరీక్షించాలి. దాన్ని మరీ నిర్లక్ష్యం చేస్తే చక్రమే బిగుసుకుపోవచ్చు, వదులైపోవచ్చు.

డిస్క్ బ్రేకులున్న చాలా కార్లలో ప్యాడ్‌కు చిన్న లోహపు రేకు అమరుస్తారు. ప్యాడ్ అరిగిపోగానే అది డిస్కును తాకి కీచుమంటుంది. డ్రైవరును హెచ్చరించడానికి ఇంజినీర్లు కావాలని పెట్టిన శబ్దమది. దాన్ని దిష్టి అనుకోవడమంటే, మన ప్రాణాల కోసం ఆలోచించిన మనిషి మాటను పెడచెవిన పెట్టడమే.

నిమ్మకాయ మీద నమ్మకం మన ఇళ్లలోనే ఆగిపోలేదు. 2019 అక్టోబరు 8న ఫ్రాన్స్‌లో తొలి రఫేల్ యుద్ధవిమానాన్ని అందుకున్న వేళ మన రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ ఆయుధపూజ చేశారు. విమాన చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆ విమానం క్షేమంగా ఎగిరేది ఇంజినీర్ల తనిఖీల వల్ల. పదవిలో ఉన్నవారు చేసే ఇలాంటి పనులు సామాన్యుడి భయానికి ప్రభుత్వ ముద్ర వేస్తాయి.

కారణం చూపాలన్న ఈ కొలబద్ద గ్యారేజీకీ వర్తించాలి. పరీక్షించకుండా ఒకదాని తర్వాత ఒకటి పార్టులు మార్చడం కూడా గుడ్డి నమ్మకమే. "ఇదే కారణమని ఎలా తెలిసింది? చూపించండి" అని అడిగే హక్కు మనకుంది.

1976లో రాజ్యాంగంలో చేర్చిన 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించే తత్వాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అంటోంది. ఆ విధి ప్రయోగశాలలకే పరిమితం కాదు. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని హైవే ఎక్కే ప్రతి తల్లికీ తండ్రికీ అది వర్తిస్తుంది. పూజ చేసుకోవడం మీ ఇష్టం. చక్రం విప్పించి చూడటం మాత్రం మీ బాధ్యత.