గుంటూరు నుంచి గ్రాండ్‌మాస్టర్లు వచ్చారు, మన తండాల నుంచి ఎందుకు రాలేదు?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మన పిల్లల ఆటలు అనగానే అందరి నోటా వచ్చేది పరుగు పందెం, కబడ్డీ, విలువిద్య. అందులో మనవాళ్ళు గెలిస్తే నాకూ గర్వమే. కానీ చదరంగం మాట ఎత్తితే మాత్రం "అది మన పిల్లలకి ఎక్కదులే" అనే మాట చాలా తేలిగ్గా వచ్చేస్తుంది. బయటవాళ్ళు అంటే సరే, మనమూ అంటున్నాం. ఆ మాట ఎంత తప్పో చెప్పడానికే ఈ పోస్టు.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయ్యేదాకా మనదీ గుంటూరు జిల్లానే కదా. ఆ గుంటూరులోనే 1986లో పెంటేల హరికృష్ణ పుట్టాడు. 1996లో పదేళ్ళలోపు పిల్లల్లో ప్రపంచ చాంపియన్. 2000లో, 14 ఏళ్ళకే, ఇస్తాంబుల్ ఒలింపియాడ్‌లో దేశం తరఫున ఆడాడు. 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, అప్పటికి మన దేశంలో ఆ హోదా అందుకున్న అందరికంటే చిన్నవాడు. 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ టైటిల్ కొట్టాడు. 2016 చివరికి రేటింగ్ 2770, ప్రపంచంలో మొదటి పదిమందిలో ఒకడు. 2024 సెప్టెంబర్‌లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మన పురుషుల జట్టు మొదటిసారి స్వర్ణం గెలిస్తే, ఆ జట్టులో పెద్దవాడు ఇతనే.

అదే ఒలింపియాడ్‌లో మన అమ్మాయిల జట్టూ స్వర్ణం గెలిచింది. అందులో ద్రోణవల్లి హారిక ఉంది. ఆమెదీ గుంటూరే. 2011లో గ్రాండ్‌మాస్టర్ అయింది. 2022 చెన్నై ఒలింపియాడ్‌లో తొమ్మిదో నెల గర్భంతో బోర్డు ముందు కూర్చుని ఆడి, జట్టుతో కాంస్యం తెచ్చింది. ఇక గుడివాడలో పుట్టిన కోనేరు హంపి సంగతి మీకు తెలిసిందే. 2002లో 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్. బిడ్డ పుట్టాక తిరిగి వచ్చి 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్, 2024లో న్యూయార్క్‌లో మళ్ళీ అదే టైటిల్.

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పుట్టిన ముగ్గురు ఈ స్థాయికి వెళ్ళారు. అదే నీళ్ళు, అదే మిరపకాయ కారం. మరి బొల్లాపల్లి, వెల్దుర్తి, దుర్గి తండాల నుంచి, సాగర్ ఒడ్డు చెంచు గూడేల నుంచి, నరసరావుపేట చుట్టుపక్కల యానాది, ఎరుకల కాలనీల నుంచి ఒక్కరూ ఎందుకు లేరు?

తెలివి తక్కువై కాదు. వాళ్ళ జీవితాలు కొంచెం దగ్గరగా చూడండి. హంపి తండ్రి కోనేరు అశోక్ గారు కెమిస్ట్రీ లెక్చరర్. కూతురికి ఆట నేర్పడానికి ఉద్యోగమే మానేశారు. కూతురికి పెట్టిన పేరు కూడా చాంపియన్ అనే మాటలోంచి తీసిందే. తర్వాత రష్యన్ పేరులా వినపడాలని దాని స్పెల్లింగ్ మార్చారు. హారిక తండ్రి పంచాయతీరాజ్ శాఖలో ఇంజనీరు, పైగా చిన్నప్పటి నుంచీ ఆమెకి ఎన్.వి.ఎస్. రామరాజు గారి లాంటి కోచ్ దొరికారు. 2024 డిసెంబర్‌లో సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్ అయిన గుకేశ్ చెన్నైలోని తెలుగు కుటుంబం బిడ్డ. అతని నాన్న డాక్టరు. కొడుకుతో టోర్నమెంట్లకి తిరగడానికి ప్రాక్టీసు పక్కన పెట్టారు. ఆ సింగపూర్ పోటీకి గుకేశ్‌ని తయారుచేసిన బృందంలో మన హరికృష్ణ కూడా ఉన్నాడు. అంటే ప్రపంచ చాంపియన్‌కి కూడా వెనక ఎవరో ఒకరు ఉండాల్సిందే.

ప్రతి గ్రాండ్‌మాస్టర్ వెనకా తన టైమూ డబ్బూ పెట్టే ఒక పెద్ద మనిషి ఉన్నారు. మన తండాలో నాన్న పని మానేస్తే ఆ రాత్రి పొయ్యి వెలగదు. మిరప కోతలు మొదలయ్యాయంటే అమ్మానాన్నలతో పాటు పిల్లలు కూడా చేలకి వెళ్ళే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అలాంటి ఇంట్లో "నాన్నా, నన్ను విజయవాడ టోర్నమెంటుకి తీసుకెళ్ళు" అని ఏ పిల్లాడు అడుగుతాడు? ఎంట్రీ ఫీజు, బస్సు చార్జీ, రెండు రోజుల కూలి నష్టం, ఇవన్నీ కలిస్తే ఆ కోరిక నోటి దాకా కూడా రాదు.

ఆటలో పైకి వెళ్ళే దారి కూడా తిరిగేవాళ్ళకే తెరుచుకుంటుంది. అంతర్జాతీయ రేటింగ్ రావాలంటే ముందే రేటింగ్ ఉన్నవాళ్ళతో కనీసం 5 ఆటలు ఆడాలి. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే రేటింగ్ 2500 దాటాలి, గట్టి టోర్నమెంట్లలో మూడు నార్మ్‌లు సాధించాలి. ఆ టోర్నమెంట్లు మాచర్లలో జరగవు. పిల్లాడు ఎంత చురుకైనవాడైనా ఊరు దాటకపోతే వాడి పేరు ఏ లిస్టులోనూ ఎక్కదు.

మరి అమ్మానాన్నలకి కుదరని చోట ఆ పని ఇంకెవరైనా చేయొచ్చా? చేశారు. రష్యా వాళ్ళు ఇన్నేళ్ళు చదరంగాన్ని ఏలింది అందుకే. సోవియట్ రోజుల్లో కార్మిక సంఘాల క్లబ్బుల్లో, పిల్లల కోసం కట్టిన పయనీర్ ప్యాలెస్‌లలో చదరంగం ఉచితంగా నేర్పేవాళ్ళు. కోచ్‌కి జీతం ఉండేది. అనతోలీ కార్పోవ్ 1951లో ఉరల్ కొండల్లో జ్లటౌస్త్ అనే ఫ్యాక్టరీ ఊళ్ళో పుట్టాడు. మాస్కోకి ఎంతో దూరం. పన్నెండేళ్ళప్పుడు బోత్విన్నిక్ నడిపే బడిలో చోటు దొరికింది. మొదట్లో బోత్విన్నిక్ ఈ కుర్రాడి ఆట చూసి పెదవి విరిచాడట, వీడికి ఇందులో భవిష్యత్తు లేదన్నాడట. అయినా బడిలోంచి పంపేయలేదు. అందరితో పాటు హోంవర్క్ ఇచ్చాడు. ఆ హోంవర్కే తనకి పుస్తకాలు పట్టడం నేర్పిందని కార్పోవే తర్వాత చెప్పుకున్నాడు. 1975లో ప్రపంచ చాంపియన్ అయి, పదేళ్ళు ఆ కిరీటం నిలబెట్టుకున్నాడు.

ఆ దేశంలో ఇంకా ఏమేం జరిగాయన్నది వేరే చర్చ. పిల్లాడికి కావలసిన పెద్ద దిక్కుగా ఒక వ్యవస్థ నిలబడగలదు అన్నది మాత్రం మనం తీసుకోవాల్సిన పాఠం.

"అది రష్యా, ఇది పల్నాడు" అంటారా? అయితే మన పక్కనే చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాల లంబాడీ బిడ్డ మాలావత్ పూర్ణ. అమ్మానాన్నలు కూలీలు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. ఆ గురుకులమే ఆమెని భువనగిరి కొండకి, డార్జిలింగ్‌కి పంపి శిక్షణ ఇప్పించింది. 2014 మే 25న, 14 ఏళ్ళు నిండకముందే, ఎవరెస్ట్ ఎక్కింది. హంపికి నాన్న చేసిన పని పూర్ణకి గురుకులం చేసింది. ఎవరెస్ట్‌కి పంపిన గురుకులానికి చదరంగం బల్ల పెట్టడం కష్టమా?

నిజానికి గురుకులం కంటే మంచి చోటు లేదు. వందలమంది పిల్లలు ఒకే చోట ఉంటారు, సాయంత్రాలు ఖాళీ ఉంటుంది, ఆడుకోవడానికి తోడు ఎప్పుడూ ఉంటుంది. కరెంటు, గ్రౌండు, ఖరీదైన బూట్లు ఏవీ అక్కర్లేదు. ఒక బోర్డు కొంటే ఏళ్ళ తరబడి వస్తుంది. స్కూల్ గేమ్స్‌లో చదరంగం కూడా ఉంది. సెలెక్షన్స్‌కి కబడ్డీ జట్టును పంపే బడి అదే బస్సులో ఇద్దరు చదరంగం పిల్లల్ని ఎక్కించలేదా? చాలాచోట్ల ఎక్కించరు. "వీళ్ళు ఇలాంటివి ఆడరు" అని ముందే తీర్మానించుకుంటారు. నాకు బాధ కలిగించేది ఇదే. మనల్ని కాళ్ళ బలానికి మెచ్చుకుని, బుర్ర విషయం వచ్చేసరికి పక్కన కూర్చోబెడతారు. ఆటలో మొదలైన ఆ అంచనా ఇంటర్‌లో గ్రూపు ఎంచుకునేటప్పుడు, ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా వెంట వస్తుంది.

బుర్ర ఆట మనకి కొత్త కాదు. ఊళ్ళో రాతి అరుగుల మీద గీసిన పులి-మేక గీతలు చూసే ఉంటారు. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలవాడు ఒక్కటి తొందరపడి కదిపితే పోతుంది, అన్నీ కలిసి కదిలితే పులి కట్టుబడిపోతుంది. నాలుగు ఎత్తుల ముందుచూపు లేకుండా ఆ ఆట ఎవరు గెలిచారు? బడి ముఖం చూడని మన తాతలు రోజంతా ఆడేవాళ్ళు. వాళ్ళ మనవళ్ళకి చదరంగం ఎక్కదనడం ఏం న్యాయం?

ఒక మాట కూడా ఒప్పుకోవాలి. అందరూ గ్రాండ్‌మాస్టర్లు అవ్వరు. వేలమంది ఆడితే ఎక్కడో ఒకరు. చదువు మానేసి ఆట పట్టుకోమని నేను ఎవరికీ చెప్పను. కానీ ఓడిపోయాక ఏడవకుండా కూర్చుని ఎక్కడ తప్పు జరిగిందో వెతకడం, ఎదుటివాడు డాక్టరు కొడుకైనా వాడి కళ్ళలోకి చూసి ఆడటం, ఈ రెండూ మన పిల్లలకి ఏ ఉద్యోగానికైనా పనికొస్తాయి.

కాబట్టి అడగాల్సింది గట్టిగా అడుగుదాం. ప్రతి గిరిజన గురుకులంలో, ఆశ్రమ పాఠశాలలో వారానికి రెండు సాయంత్రాలు చదరంగం పెట్టాలి. నేర్పే మనిషికి గౌరవ వేతనం ఇవ్వాలి. సెలెక్షన్స్‌కి పంపే బాధ్యత, ఖర్చు బడే తీసుకోవాలి. విద్యార్థి సంఘాలు ఇచ్చే వినతిపత్రాల్లో మెస్ చార్జీలు, కాస్మెటిక్ చార్జీల పక్కన ఇది కూడా ఒక లైను రాయాలి.

వాళ్ళు ఇచ్చేదాకా మనం ఊరికే కూర్చోనక్కర్లేదు. డిగ్రీ, బీటెక్ చదివే అన్నలు, అక్కలు సంక్రాంతి సెలవులకి తండాకి వస్తారు కదా. వచ్చేటప్పుడు ఒక బోర్డు తెండి. ఎత్తులు రాసుకోవడం నేర్పండి. ఫోన్ ఉంటే లీచెస్ లాంటి యాప్ ఉచితంగానే దొరుకుతుంది, రీల్స్ చూసే టైములో పావు వంతు చాలు. బాగా ఆడే పిల్లాడో పిల్లో కనపడితే వాళ్ళ బడి సారుకి ఒకసారి ఫోన్ చేసి చెప్పండి. టోర్నమెంటుకి తీసుకెళ్ళే మనిషి లేకపోతే మనలో ఒకరు ఆ రెండు రోజులు వెళ్దాం. హరికృష్ణకి, హంపికి ఇంట్లో దొరికిన ఆ పెద్ద మనిషిని మన పిల్లలకి మనమే ఇవ్వాలి.

మీ గురుకులంలో చదరంగం ఉందా, ఉంటే ఎవరు నేర్పుతున్నారు, ఎవరినైనా బయటికి పంపారా, కింద రాయండి. ఆ వివరాలన్నీ కలిపి వినతిపత్రం తయారుచేద్దాం.

జై భీమ్. జై సేవాలాల్.