విప్ లేని ఓటు అది

రాష్ట్రపతి ఎన్నికలో ఎమ్మెల్యేలు పార్టీ చెప్పిన చోట ముద్ర వేసి రావడమే తప్ప చేసేదేమీ లేదన్న మీ పత్రిక వ్యాసంతో ఏకీభవించలేను. అసలు అక్కడ వేసేది ముద్రే కాదు. ఎన్నికల సంఘం ఇచ్చిన ఊదారంగు సిరా పెన్నుతో, గులాబీ రంగు బ్యాలెట్ మీద ప్రాధాన్య క్రమంలో 1, 2 అంటూ అంకెలు వేయాలి. ఓటు రహస్యం, పార్టీలు విప్ జారీ చేయడానికి వీల్లేదు.

1969 రాష్ట్రపతి ఎన్నికను మరిచిపోతే ఎలా? కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి మన నీలం సంజీవరెడ్డి. అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ మాత్రం అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్నారు. తొలి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ కావలసిన మెజారిటీ రాలేదు. మరో అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్‌కు పడిన బ్యాలెట్లలోని రెండో ప్రాధాన్యాలు కూడా లెక్కించాకే స్వతంత్ర అభ్యర్థి వి.వి. గిరి గెలిచారు. పార్టీ గీసిన గీత దాటి ఓటేసిన ఆ సభ్యులను కీలుబొమ్మలని ఎలా అంటాం?

మీ వ్యాసంపై నాకు మరో అభ్యంతరమూ ఉంది. 2022లో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణలో 132, ఉత్తరప్రదేశ్‌లో 208. ఈ లెక్కలకు ఆధారం 1971 నాటి జనాభా! మీ వ్యాసం దీన్ని ప్రస్తావించనే లేదు. ఎమ్మెల్యే ఓటుకు విలువ వచ్చేది జనం లెక్క నుంచే కాబట్టి, మన పేరున పడే ఆ ఓటు ఎవరికి, ఎందుకు వేస్తారో పోలింగ్‌కు ముందే ఎమ్మెల్యేలను పత్రికలు గట్టిగా అడగాలి.

- ఒక పాఠకుడు, తెనాలి