చేతికి తగిన కామ

వస్తువూ – వివేకమూ

1931వ సంవత్సరం జూలై మాసం. అమెరికాలో ఒహైయో రాష్ట్రంలోని టొలీడో నగరం. ఇన్వర్నెస్ క్లబ్బు మైదానంలో అమెరికా ఓపెన్ గోల్ఫ్ పోటీ ముగియవలసిన దినాన ముగియలేదు. 72 హోళ్ళ ఆట పూర్తి అయ్యేసరికి బిల్లీ బర్క్, జార్జి వాన్ ఎల్మ్ అనే ఇద్దరు క్రీడాకారులు సమానంగా నిలిచారు. నిర్ణయం కొరకు మరో 36 హోళ్ళు ఆడించారు, మళ్ళీ సమానమే. తిరిగి ఇంకొక 36 ఆడిన పిమ్మట, ఒకే ఒక్క దెబ్బ తేడాతో బర్క్ విజేత అయ్యాడు. ఒక్క బిరుదు కోసం రెండు పోటీలకు సరిపడే ఆట ఆడవలసి వచ్చింది!

ఈ బర్క్ పూర్వాశ్రమంలో ఇనుప కర్మాగారంలో పనిచేసినవాడు. అక్కడి ప్రమాదంలో అతని ఎడమచేతి వేళ్ళు దెబ్బతిన్నాయి. అటువంటి చేత్తో 144 హోళ్ళు ఆడి గెలిచిన ఆ మనిషి పట్టుకున్న కర్రలకు ఉన్నవి కొయ్య కామలు కావు, ఉక్కు కామలు. ఉక్కు షాఫ్టులతో అమెరికా ఓపెన్ గెలిచిన మొదటి ఆటగాడు అతడే. అంతకు సరిగా ఒక ఏడాది ముందు, 1930లో, బాబీ జోన్స్ ఒకే సంవత్సరంలో నాలుగు మహా పోటీలనూ గెలిచి చరిత్ర సృష్టించినది హికరీ కొయ్య కామలతో. అంటే, ఒక్క సంవత్సరం వ్యవధిలో కొయ్యయుగం వెనుకబడి ఉక్కుయుగం ముందుకు వచ్చిందన్నమాట.

గొడ్డలికి గాని, పారకు గాని కామ ఎటువంటిదో గోల్ఫు కర్రకు షాఫ్టు అటువంటిది. పనిచేసేది ఇనుప తలే. కాని మనిషి పట్టుకునేది కామను. కామ కుదరని పార పట్టినవాని అరచేతులు సాయంకాలానికి ఎలా ఉంటాయో పల్లెటూరి వారికి వేరే చెప్పనక్కరలేదు. గోల్ఫులో ఇనుప తలగల కర్రలను ‘ఐరన్లు’ అంటారు. వీటికి షాఫ్టు ఎంచుకోవటం ఆ ఆటలో అత్యంత సాధారణమైన ప్రశ్న. తప్పు సమాధానాలు దొరకటమూ అంతే సాధారణం.

చేయి ఎంచిన కాలం

హికరీ ఉత్తర అమెరికా అడవులలో పెరిగే వృక్షం. దాని కలప గట్టిది, సాగే గుణం కలది. అయితే ప్రకృతి ఒక చెట్టు వలె మరొక చెట్టును సృష్టించదు. ఒకే దుంగనుండి చీల్చిన రెండు కామలు సైతం ఒకే రీతిగా వంగవు. పైగా ఊపులో కొయ్య మెలి తిరుగుతుంది. అందువలన ఆ కాలపు ఆటగాడు దుకాణంలో ఒక్కొక్క కర్రనే చేతబట్టి, ఆడించి, వంచి, నచ్చిన దానిని తీసికొని, నచ్చని దానిని పెట్టివేసేవాడు. ఆ విధంగా ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా కూడినదే అతని కర్రల సంచి.

ఈ విషయమై జోన్స్ గురించి ఒక కథ ప్రచారంలో ఉన్నది. అతడు ఆట విరమించిన చాలా కాలానికి అతని హికరీ కర్రలను యంత్రాలపై పరీక్షించగా, ఒక్కటి తప్ప మిగిలినవన్నీ ఒకే కుదురులో ఉన్నాయట. ఆ ఒక్క కర్రతోనే తనకు ఎన్నడూ సరిపడలేదని జోన్స్ చెప్పుకునేవాడట. ఈ కథలో అతిశయోక్తి పాలు ఎంత ఉన్నా, గోల్ఫు లోకం దానిని పదే పదే చెప్పుకోవటానికి కారణం స్పష్టమే. యంత్రం పుట్టకముందే చేతికి ఆ కొలత తెలుసు.

ఉక్కు కామ ఆలోచన బర్క్ విజయానికి ఎంతో ముందటిది. అమెరికాలోని షెనెక్టడీ నగరానికి చెందిన ఆర్థర్ నైట్ అనే ఇంజనీరు 1910లోనే ఉక్కు గొట్టపు షాఫ్టుకు పేటెంటు పొందాడు. అయితే ఆట పెద్దలు వెంటనే అంగీకరించలేదు. అమెరికా సంఘం 1920వ దశకం మధ్యలో అనుమతించగా, స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ పెద్దలు 1929 చివర వరకు ఆగారు. మేలిరకపు హికరీ అరుదు కావటం, ఉక్కు గొట్టాల తయారీ మెరుగుపడటం ఒకేసారి జరిగినందున తుదకు కొయ్య ఓడిపోయింది. కొయ్యతో నాలుగు బిరుదులు గెలిచిన జోన్స్ సైతం ఆ పిమ్మట స్పాల్డింగ్ కంపెనీ కొరకు ఉక్కు షాఫ్టుల కర్రలను రూపొందించాడు.

అక్షరాల మాయ

ఉక్కు తెచ్చిన గొప్ప వరం ఏకరూపత. వందవ షాఫ్టు మొదటి దానివలెనే వంగుతుంది. ఆ వరంతోబాటే ఒక చిక్కు కూడా వచ్చింది. చేయి చేయవలసిన ఎంపికను అక్షరాలు చేయసాగాయి. షాఫ్టు బిగువును తెలుపుటకు ‘ఆర్’ అంటే రెగ్యులర్, ‘ఎస్’ అంటే స్టిఫ్, ‘ఎక్స్’ అంటే మిక్కిలి బిగువు, ‘ఎ’ అంటే వయసు మళ్ళినవారికి, ‘ఎల్’ అంటే స్త్రీలకు అని గుర్తులు ఏర్పడ్డాయి. ఈ అక్షరాలకు లోకమంతటా చెల్లే ఒక కొలబద్ద లేదన్న సంగతి చాలామంది కొనుగోలుదారులకు తెలియదు. ఒక కంపెనీ ‘ఆర్’ మరొక కంపెనీ ‘ఎస్’కు దరిదాపుల్లో ఉండవచ్చు. చెప్పుల దుకాణంలో ఏడో నెంబరు ఒక చోట సరిపోయి మరొక చోట బిగించినట్లే ఇదీను.

అంకెలు కూడా ఇటువంటి భ్రమనే కల్పిస్తాయి. ట్రూ టెంపర్ సంస్థ వారి ‘డైనమిక్ గోల్డ్’ షాఫ్టులపై ఎస్ 200, ఎస్ 300, ఎస్ 400 అని ఉంటుంది. అంకె పెరిగినకొద్దీ బిగువు పెరుగుతుందని పలువురి నమ్మకం. వాస్తవానికి ఆ అంకెలు తెలిపేది బరువు. మూడింటి బిగువూ ఒకటే. బరువులో తేడా ఒకటి రెండు గ్రాములు.

ఇక అక్షరాలకు అహంకారం తోడైతే చెప్పవలసినదేమున్నది! ‘ఎస్’ అంటే మగతనమనీ, ‘ఆర్’ అంటే ముసలితనమనీ భావించేవారు ప్రతి క్లబ్బులోనూ కనిపిస్తారు. టెలివిజనులో విజేత చేతిలో 130 గ్రాముల బిగువైన షాఫ్టును చూచి, వారానికొక ఉదయం ఆడే యాభై ఏళ్ళ ఉద్యోగి అదే తెప్పించుకుంటాడు. పులిని చూచి నక్క వాత పెట్టుకున్నట్లు అని మన పెద్దలు అన్నది ఇటువంటి సందర్భానికే. ఆ విజేత ఊపు వేగం వేరు, దినచర్య వేరు, కండరాలు వేరు.

ఫలితం బంతి మీదనే కాదు, ఒంటి మీద కూడా కనిపిస్తుంది. మొదటి ఆరు హోళ్ళు బాగానే ఆడిన మనిషి పన్నెండవ హోలు వచ్చేసరికి కర్రను ఊపటం మాని ఈడ్వసాగుతాడు. నేలనో, బంతి అంచునో తగిలిన ప్రతి దెబ్బా గట్టి ఉక్కు గుండా మోచేతికి పాకుతుంది. మోచేతి లోపలి వైపు స్నాయువులు లాగి బాధించే జబ్బుకు ‘గోల్ఫర్స్ ఎల్బో’ అని ఈ ఆట పేరే పెట్టారు. దానికి తప్పుడు ఊపు, మితిమీరిన అభ్యాసం మొదలైన కారణాలు ఎన్నో ఉన్నా, మోయలేని బరువును మోయటం దానిని తగ్గించదు. ఇష్టపడి ఆడిన ఆటను మోచేతి నొప్పితో మానివేయటంకంటే విచారకరమైనది మరేమున్నది?

బరువు ముందు, బిగువు తరువాత

షాఫ్టు బంతిని కొట్టదు. తలను బంతి వద్దకు చేర్చటమే దాని పని. తలకూ బంతికీ స్పర్శ ఉండేది సుమారు సెకనులో రెండువేల వంతు మాత్రమే. అంత స్వల్పకాలంలో షాఫ్టు వంపు చేయగలిగినది దాదాపు ఏమీ లేదు. కాబట్టి ‘ఫలానా షాఫ్టు బంతిని విసిరికొడుతుంది’ అనే ప్రచారాన్ని నమ్మవలసిన పని లేదు. తల ఏ క్షణాన, ఏ కోణంలో బంతిని చేరుతుందన్నదే ప్రశ్న.

అందుకు మొదట చూడవలసినది బరువు. ఐరన్లకు వాడే ఉక్కు షాఫ్టులు ఇంచుమించు 90 గ్రాముల నుండి 130 గ్రాముల వరకు లభిస్తాయి. జపానుకు చెందిన నిప్పన్ షాఫ్ట్ కంపెనీ వారి 950 రకం సుమారు 95 గ్రాములతో వచ్చి, తేలికైన ఉక్కు కూడా నమ్మదగినదేనని నిరూపించింది. ఈ రెండు కొసలకూ మధ్య వ్యత్యాసం ఒక గోల్ఫు బంతి బరువు కంటె తక్కువే. కాని ఆ కొద్ది గ్రాములనే ఒక ఉదయంలో అనేక పర్యాయాలు పూర్తి వేగంతో ఊపవలసి ఉంటుంది. మరీ బరువైనది అలసట తెస్తుంది. మరీ తేలికైనది చేతులను తొందరపెట్టి ఊపు లయను చెడగొడుతుంది. చివరి హోలు దగ్గర కూడా నిదానంగా ఊపగలిగినంత బరువే తగిన బరువు.

రెండవది బిగువు. ఊపు వేగానికి మించిన బిగువు ఉంటే, కుడిచేతి వాటం ఆటగాని బంతి తక్కువ ఎత్తున, కుడివైపుకు పోవటం కద్దు. చేతికి తగిలే స్పర్శ మొద్దుగా ఉంటుంది. బిగువు చాలకపోతే బంతి అవసరానికి మించి పైకి లేచి, ఎడమకు మళ్ళటం కద్దు. అయితే ఈ లక్షణాలే ఊపులోని దోషాలవల్ల కూడా కలుగుతాయి. అందువలన ఒక్క దెబ్బను చూచి షాఫ్టును నిందించరాదు.

పరీక్షించే పద్ధతి సులభమైనది. ఒకే ఏడో నెంబరు ఐరను తలకు వేర్వేరు షాఫ్టులు అమర్చి, ఒక్కొక్కదానితో పది బంతులు కొట్టాలి. వానిలో మిక్కిలి దూరం పోయినదానిని లెక్కించక, పదీ ఎంత దగ్గరగా పడినవో చూడాలి. తల ముఖానికి పలుచని టేపు అంటిస్తే బంతి తగిలిన చోటు తెలుస్తుంది. మచ్చలన్నీ ఒకే చోట గుమిగూడితే ఆ షాఫ్టు చేతికి కుదిరినట్లే. ఈ పరీక్షను చేతులు తాజాగా ఉన్నప్పుడు ఒకసారి, అలసిన పిమ్మట మరొకసారి చేయటం మంచిది. అహంకారం ఉదయం పరీక్షకు వస్తుంది. నిజం అలసిన తరువాత బయటపడుతుంది.

మూడవది కోత. ఇది మరమ్మతు చేసేవాని పనే అయినా కొనేవారికి తెలిసి ఉండాలి. తల వైపు కొసను కోస్తే షాఫ్టు బిగువెక్కుతుంది. పట్టు వైపు కోస్తే ప్రధానంగా పొడవు తగ్గుతుంది. తల వైపు కొస కొన్ని షాఫ్టులలో సన్నగిల్లుతూ 0.355 అంగుళాల వ్యాసానికి వస్తుంది, మరికొన్నింటిలో 0.370 అంగుళాల సమ వ్యాసంతో ఉంటుంది. ఒకదానికి చేసిన తలలో మరొకటి సక్రమంగా కుదరదు. కోసిన ఉక్కు తిరిగి అతకదు కనుక, ఏ కొస, ఎంత అన్నది ముందే తేల్చుకోవాలి. షాఫ్టు బరువు మారితే తల వైపు తూకం కూడా మారుతుంది. దానిని కూడా సరిచూడమని అడగాలి.

పాత కర్రల సంగతి

బ్రిటిష్ దీవుల వెలుపల మిక్కిలి ప్రాచీనమైన గోల్ఫు క్లబ్బు మన కలకత్తాలోనిదే, 1829లో స్థాపితమైనది. ఆట ఇంత పాతదైనా మన దేశంలో మంచి కర్రలు నేటికీ ఖరీదైనవే. అందుచేత చేతులు మారిన కర్రలతో ఆట నేర్చేవారు ఎందరో. పాత సెట్టు కొనేవారు తల మెరుపును చూచి మురిసిపోరాదు. ఉక్కు గొట్టం తడికి లోలోపల తుప్పు పడుతుంది. విశాఖపట్నం వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో, వానాకాలపు తేమలో ఆ ప్రమాదం మరింత ఎక్కువ. షాఫ్టు పైపూత లేచినా, వేలికి గరుకు తగిలినా, ఎక్కడైనా నొక్కు పడినా దానిని విడిచిపెట్టటమే మేలు. నొక్కు పడిన గొట్టం ఊపులో అక్కడే విరుగుతుంది. సెట్టులోని షాఫ్టులన్నీ ఒకే రకానివా, లేక మధ్యలో ఎవరైనా ఒకటి రెండు మార్చారా అన్నది కూడా చూడాలి. జోన్స్ సంచిలోని ఆ ఒక్క కర్ర కథ మరువరాదు. ఇక మోచేతి నొప్పి ఇదివరకే ఉన్నవారు ముందు వైద్యుని, తరువాత దుకాణాన్ని దర్శించాలి. అట్టివారికి అదురు తక్కువగా ఉండే గ్రాఫైటు షాఫ్టు మేలు కావచ్చు. ఉక్కును వీడటం అవమానమేమీ కాదు.

1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో కాడీగా జీవితం ప్రారంభించినవాడు. కాడీ అనగా పరుల కర్రలు మోసే కుర్రవాడు. ఎవరి కర్ర ఎవరికి సరిపడటం లేదో అందరికంటే ముందు గ్రహించగలవాడు బహుశః అతడే. ఎందుకంటే అతడు షాఫ్టు మీది అక్షరాన్ని చదవడు; మనిషి ఊపును చూస్తాడు, బంతి పోయిన దారిని చూస్తాడు.

కొనబోయేవారు చేయవలసినది కూడా అంతే. టొలీడోలో బర్క్ దెబ్బతిన్న చేత్తో గెలిచాడు. ఆ చేయి అటువంటిదని అతనికి తెలుసు. దానికి తగినట్లే కర్రను పట్టుకున్నాడు. తాను కోరుకునే చేతికి కాక, తనకున్న చేతికి తగిన కామను ఎంచుకున్నవానికి మోచేయీ మిగులుతుంది, ఆటా మిగులుతుంది.