ఎర్రర్ నోరు నొక్కితే లెక్క సరిపోతుందా?

"1055 ఎర్రర్ వస్తోందా? ఎస్క్యూఎల్ మోడ్‌లోంచి ఓన్లీ_ఫుల్_గ్రూప్_బై తీసెయ్, పోతుంది." ఈ సలహా విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. పోయేది ఎర్రర్ మాత్రమేనండీ, తప్పు కాదు.

మా పాత ప్రాజెక్టు సంగతి చెప్తాను. పెర్ల్, డీబీఐఎక్స్ క్లాస్, మైఎస్క్యూఎల్. ఒక్కో కస్టమర్ ఆఖరి ఆర్డరు స్టేటస్ చూపించే రిపోర్టు. ఎవరో మహానుభావుడు సెర్చ్‌లో గ్రూప్_బైకి కస్టమర్_ఐడీ, ఆర్డర్_బైకి తేదీ ఇచ్చి వదిలేశాడు. ఏ కాలమ్స్ కావాలో చెప్పలేదు. చెప్పకపోతే డీబీఐఎక్స్ క్లాస్ టేబుల్లో ఉన్నవన్నీ అడుగుతుంది. మరి ఒక కస్టమర్‌కి ఇరవై ఆర్డర్లుంటే స్టేటస్ ఏ రోలోంచి రావాలి? పాత మైఎస్క్యూఎల్ తనకి తోచిన రోలోంచి తెచ్చి చేతిలో పెట్టేది. ఆర్డర్_బై పనిచేసేది గ్రూపులు కట్టాక, కాబట్టి అదీ కాపాడదు. డెలివరీ అయిపోయిన ఆర్డరు 'పెండింగ్' అని కనబడేది, సపోర్టు వాళ్ళు ఫోన్లో తిట్లు తినేవాళ్ళు.

2015లో వచ్చిన 5.7 ఆ మోడ్‌ని డీఫాల్టు చేసింది. అప్‌గ్రేడ్ కాగానే రిపోర్టు ఆగిపోయింది. "5.7 మన రిపోర్టు చెడగొట్టింది" అని ఒకటే గోల. చెడింది ఎప్పుడో బాబూ, తెలిసింది ఇప్పుడు!

ఇంకో బ్యాచ్ ఉంది, "అంతా ఓఆర్ఎం వల్లే" అంటూ. చేత్తో రాసినా అదే క్వెరీకి అదే ఎర్రర్. డీబీఐసీ_ట్రేస్=1 పెట్టి నడపండి, వెళ్తున్న ఎస్క్యూఎల్ కళ్ళముందు కనబడుతుంది. అయితే ఒక పాపం మాత్రం దానిదే. అందులో 'యాజ్' అంటే ఎస్క్యూఎల్ యాజ్ కాదు, పెర్ల్ వైపు పేరు మాత్రమే. హేవింగ్‌లో వాడాలంటే ముందు గీతతో '-యాజ్' రాయాలి, విలువ తీసుకోడానికి గెట్_కాలమ్ పిలవాలి. దీనికి నేనూ ఒక పూట తగలేశాను. ఆ పేరు పెట్టినందుకు తిట్టండి, నేనూ గొంతు కలుపుతా.

అసలు మందు చిన్నది. లోపలి క్వెరీలో కస్టమర్_ఐడీ మీద గ్రూప్ కట్టి మ్యాక్స్ ఐడీ ఒక్కటే తీయండి. దాన్ని యాజ్_క్వెరీతో బయటి సెర్చ్‌లో ఐడీకి '-ఇన్'గా ఇవ్వండి (ఐడీల వరసే ఆర్డర్ల వరస అయితేనే సుమా). ఎనీ_వేల్యూ కూడా ఉంది గానీ, అది 'ఏదైనా పర్లేదు' అనుకునే చోటికి. ఆర్డరు స్టేటస్ ఏదైనా పర్లేదా?

ఆ నాలుగు లైన్లూ రాసి పంపితే "రిలీజ్ అయ్యాక చూద్దాం" అన్నారు. సాయంత్రానికి మోడ్ తీసేశారు. రిపోర్టు మళ్ళీ నడిచింది, ఎప్పట్లాగే అబద్ధాలు చెబుతూ.